సరమతో కొండదారిన

నడక మనిషి నేర్చిన తొలి విద్య. అడుగులు పడడం మొదలైన నాటినుంచి అవి ఆగిపోయే నాటిదాకా మనవెంట వచ్చే విద్య కూడా అదే. అయితే ఒంటరిగా నడవడం వేరు, తోడుతో నడవడం వేరు. ఒంటరిగా నడిచేవాడు దారిని చూసుకుంటే చాలు. తోడుతో నడిచేవాడు దారినీ చూసుకోవాలి, తోడునూ చూసుకోవాలి. వినడానికి ఇది చాలా చిన్నమాట. కానీ దీన్ని నేర్చుకోవడానికి నాకు యాభై తొమ్మిదేళ్లు పట్టింది. నేర్పింది ఏ గ్రంథమూ కాదు, ఏ గురువూ కాదు. నోరులేని ఒక ప్రాణి.

విజయవాడకు వాయవ్యంగా, కృష్ణానదికి ఉత్తరాన కొండపల్లి కొండలు ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దంలో, రెడ్డిరాజుల కాలంలో వెలసిన దుర్గం ఆ కొండల మీద ఇప్పటికీ శిథిలరూపంలో నిలిచి ఉంది. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచిన కోటల్లో అదొకటి. ఆ తరువాత గోలకొండ నవాబులు ఏలారు. 1766 లో ఆంగ్లేయుల వశమైంది. రాజులందరూ వెళ్లిపోయారు. కొండ మిగిలింది, కొండమీది అడవి మిగిలింది.

ఆ అడవిని చూడని తెలుగువారు ఉండవచ్చు గాని, దాని కలపను చూడనివారు అరుదు. సంక్రాంతి బొమ్మల కొలువులో కూర్చునే కొండపల్లి బొమ్మలు ఆ అడవిలో పెరిగే తెల్లపొణికి చెట్టునుంచే పుట్టాయి. ఆ కర్ర దూదిలాగా తేలిక. దాన్ని ఆరబెట్టి, సెగ చూపి, తేమ తీసి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఏనుగు అంబారీ, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, తిరగలి విసిరే ఇల్లాలు అలా ప్రాణం పోసుకుంటారు. ఉద్యోగరీత్యా ఆ కొండకు దగ్గరలోని ఒక ఊళ్లో స్థిరపడినవాణ్ణి కావడంచేత, ఆ పొణికిచెట్ల నీడన నడవడం నాకు చాలాకాలంగా అలవాటు.

2014 వానాకాలంలో ఒకనాటి సాయంత్రం కోటనుంచి దిగివస్తుంటే, మెట్లదారి మొదట్లో ఒక కుక్కపిల్ల నావెంట పడింది. గోధుమవన్నె ఒళ్లు, ఒక చెవి నిటారుగా, ఒక చెవి వాలి. జాతి అడిగితే ఊరకుక్క అనడం తప్ప మరో మాట లేదు. అదిలించాను. ఆగింది. నడిచాను. నడిచింది. మా వీధి మలుపుదాకా ఈ ఆట సాగింది. గుమ్మంలో నిలబడిన నా శ్రీమతి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఎవరు ఎవర్ని తీసుకొచ్చారండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఇప్పటికీ తెలియదు.

నేను తెలుగు అధ్యాపకుణ్ణి. అందుచేత దానికి సరమ అని పేరుపెట్టాను. సరమ వేదవాఙ్మయంలో దేవతల కుక్క. పణులు అపహరించిన గోవుల జాడ తీసిన బుద్ధిశాలి. నన్నయగారి ఆదిపర్వంలో ఆమె ఒక తల్లిగా కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుండగా ఆమె కొడుకు సారమేయుడు ఆడుకుంటూ యజ్ఞశాలకు వెళ్తాడు. ఏ తప్పూ చేయడు. అయినా రాజుగారి తమ్ముళ్లు వాణ్ణి కొడతారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డను చూసి సరమ నేరుగా రాజు ఎదుటికి వెళ్లి నిలదీస్తుంది. తగునా తగదా అని ఆలోచించకుండా దీనులను బాధించేవారికి కారణం తెలియని ఆపదలు వచ్చి పడతాయని హెచ్చరిస్తుంది. ఈ ఘట్టాన్ని తరగతిలో ఎన్ని ఏళ్లు, ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ప్రతిపదార్థం చెప్పాను, తాత్పర్యం చెప్పాను, పరీక్షలో వచ్చే ప్రశ్న కూడా చెప్పాను. ఆ కథ నాకు అర్థమైందనే అనుకున్నాను.

సరమకు ఏడాది నిండేసరికి కొండ నడకలో నాకది విడదీయరాని తోడైంది. అంతకుముందు నేను ఆ దారిని కంటితో మాత్రమే చూసేవాణ్ణి. సరమ వచ్చాక ఆ దారికి మరో ముఖం ఉన్నదని తెలిసింది. మనిషి ముక్కులో వాసనను పట్టే కణాలు సుమారు 60 లక్షలైతే, కుక్క ముక్కులో అవి కోట్లలో ఉంటాయి. నాకు ఒట్టి మట్టిగా కనిపించిన చోట సరమ నిలబడి, రాత్రి అటుగా వెళ్లిన కుందేలునో ముంగిసనో తీరికగా చదువుకునేది. నేను శాసనం ముందు నిలబడ్డప్పుడు అది ఓపికగా కూర్చునేది. అది మట్టిని చదివేటప్పుడు నేను ఓపికగా నిలబడేవాణ్ణి. ఇద్దరం చదువరులమే, లిపి మాత్రమే వేరు.

తొలకరి తరువాత కొండ పచ్చని పట్టుచీర కట్టినట్టుండేది. కార్తికంలో సీతాఫలాలు కళ్లు విప్పేవి. పుష్యమాసపు ఉదయాలలో బురుజుల చుట్టూ మంచు కమ్ముకొని ఉండేది. సూర్యుడు పైకి రాగానే ఆ తెర తొలగి, దక్షిణాన కృష్ణమ్మ వెండిదారంలాగా, ఇబ్రహీంపట్నం విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు సున్నపు స్తంభాల్లాగా కనిపించేవి. మూడంతస్తుల రాతిబురుజు దగ్గర కూర్చొని నేను తెచ్చుకున్న ఇడ్లీలు ఇద్దరం పంచుకునేవాళ్లం. చట్నీ మాత్రం నాకే.

ఇక నేను చెప్పదలచుకున్న రోజుకు వస్తాను.

2017 మార్చి నెల. ఉగాది ఇంకా రాలేదు. మోదుగచెట్లు ఆకులన్నీ రాల్చి, నిలువెల్లా నిప్పురంగు పూలు పూసిన కాలం. కోటకు అవతలి వాలున మోదుగలు విరగబూశాయని ఎవరో చెప్పగా విని, చూడాలన్న కోరిక పుట్టింది. ఆరోజు ఇంటికి బంధువులు రావడంతో బయలుదేరేసరికి తొమ్మిది దాటింది. ఆలస్యమైందని తెలుసు. అయినా మనసు పూలమీద ఉంది. చేతిసంచిలో ఒక లీటరు నీళ్ల సీసా పెట్టుకొని, సరమ మెడపట్టీకి తాడు తగిలించి నడక సాగించాను.

కోటదాకా అంతా సవ్యంగానే ఉంది. అక్కడినుంచి అవతలి వాలుకు దిగే కాలిబాట చెట్లు లేని బండరాళ్ల మీదుగా పోతుంది. పది అడుగులు వేసిందో లేదో సరమ ఒక రాతినీడలో కూర్చుంది. తాడు లాగాను, లేచింది. ఇంకొంత దూరం పోయాక బలుసుపొద నీడలో కూర్చుంది. మళ్లీ లాగాను. మూడోసారి పొణికిచెట్టు కింద ఏకంగా పడుకొని, కదలనని భీష్మించింది. చెట్టు ఆకులు రాల్చి ఉండడంతో ఆ నీడ కూడా జల్లెడలాగా ఉంది. నాకు కోపం వచ్చింది. "ఇంత మొండితనమా!" అని గద్దించి తాడును గట్టిగా గుంజాను. దాహం వేస్తే సీసా ఎత్తి నేను గటగట తాగాను. దానికి మాత్రం దోసిట్లో కాసిని పోశాను. అది నాకేసి ఒకసారి చూసి, ఆ కాసినీ నాకి, లేచి నడిచింది. నా మాట విన్నదనుకొని సంతోషించాను.

మోదుగలు కనుచూపు మేరకు వచ్చాయి. నిజంగానే కొండవాలు అంటుకున్నట్టుంది. ఆ శోభను చూస్తూ నేను నిలబడిపోయిన క్షణంలో నా చేతిలో తాడు బరువెక్కింది. తిరిగి చూస్తే సరమ పక్కకు ఒరిగి ఉంది. నాలుక బారెడు బయటికి వచ్చి నలుపెక్కింది. చొంగ తీగలు సాగుతోంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పేరు పెట్టి పిలిచాను. కళ్లు నావైపు తిరిగాయి గాని నన్ను చూడలేదు.

సీసాలో గుక్కెడు నీళ్లున్నాయి. ఆ గుక్కెడూ నోట్లో పోయబోతే ఎవరో కేక వేశారు. "అయ్యా, నోట్లో పోయమాకండి! ఊపిరి ఆడనిదానికి నీళ్లు పోస్తే పొలమారి సచ్చిపోద్ది!" చూస్తే మేకల మందతో ఒక ముసలాయన. డెబ్బై ఏళ్లుంటాయి. చంకన నీళ్ల డబ్బా, నెత్తిన తలగుడ్డ. వచ్చీ రాగానే సరమను రెండు చేతులా ఎత్తి, పెద్దబండ వెనక నీడలోకి చేర్చాడు. తన డబ్బాలో నీళ్లు దాని పొట్టమీద, తొడల సందున, పాదాలమీద కొద్దికొద్దిగా పోశాడు. తలగుడ్డ తడిపి దాంతో ఒళ్లంతా అద్దుతూ, నన్ను ఉత్తరీయంతో విసరమన్నాడు. విసిరాను. ఎంతసేపు విసిరానో తెలియదు. డొక్కల ఎగురుపాటు కొంచెం తగ్గాక దాని పాదాన్ని ఎత్తి నాకు చూపించాడు. అరికాలి మెత్తలు కమిలి, ఒకచోట పొర లేచి ఉంది.

"ఈ బండమీద చెయ్యి పెట్టి చూడండయ్యా" అన్నాడు.

పెట్టాను. మూడు అంకెలు లెక్కించేలోగా చెయ్యి తీసేశాను.

"మీరు చెప్పులేసుకున్నారు. దానికి చెప్పులేయి?"

ఆయన గొంతులో నింద లేదు. ఉన్న మాట చెప్పాడు, అంతే. కానీ నా జీవితంలో ఏ పండితుడూ నన్ను అంత తేలికగా, అంత పూర్తిగా ఓడించలేదు.

సరమను ఆయన భుజాన వేసుకొని దారి చూపితే, నేను వెనక నడిచాను. మేకలను మనవడికి అప్పగించి కిందిదాకా దిగాడు. నేను జేబులో చెయ్యి పెట్టబోతే ఆ చేతికేసి చూసి, "బేగి ఆసుపత్రికి పొండి, మందలో పిల్లలున్నాయి నాకు" అని వెనుదిరిగాడు. ఆటోలో పశువైద్యశాలకు చేర్చాను. అంత తడిపి తెచ్చినా జ్వరమాని 105 డిగ్రీల ఫారెన్‌హీటు చూపింది. కుక్కకు 101, 102 డిగ్రీలు సహజమని, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయని డాక్టరుగారు చెప్పారు. సెలైన్ పెట్టారు. "మనకు ఒళ్లంతా చెమట పట్టి వేడి దిగుతుంది. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా పాదాల్లోనే. అది చాలదు. నోరు తెరిచి రొప్పడమే దానికి దిక్కు. గాలే వేడెక్కితే ఆ దిక్కూ ఉండదు. అది చాలాసేపటినుంచి మీకు చెబుతూనే ఉండి ఉండాలే, మీరు గమనించలేదా?" అన్నారు.

గమనించాను. అదే నా బాధ. మూడు నీడల్లో మూడుసార్లు కూర్చొని అది చెప్పింది. నేను దాన్ని మొండితనమని చదువుకున్నాను.

ఆ రాత్రి వైద్యశాల వరండాలో బల్లమీద కూర్చొని ఉండగా ఆదిపర్వం గుర్తుకు వచ్చింది. సారమేయుణ్ణి కొట్టినవాళ్లు క్రూరులని అప్పటిదాకా పిల్లలకు చెప్పేవాణ్ణి. కథలో వారి క్రూరత్వం గురించి పెద్దగా లేదు. తగునా తగదా అని ఆలోచించకపోవడమే వారి దోషం. వారికి యాగం ముఖ్యం. నాకు మోదుగపూలు ముఖ్యం. నా చేతిలో కర్ర లేదు, తాడు ఉంది. అంతే తేడా. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన కథలో నేను ఎవరి పక్షాన నిలబడ్డానో ఆ బల్లమీద కూర్చున్నప్పుడు నాకు తెలిసింది. నా కుక్కకు సరమ అని పేరు పెట్టినంత మాత్రాన నేను సరమ మాట విన్నట్టు కాదు.

తెల్లవారుజామున దాని తోక నేలమీద ఒకసారి కదిలింది. నాలుగు రోజులకు నిలబడింది. పాదాలు మానడానికి మరికొన్ని వారాలు పట్టింది. పాదాలు మానాక మొదటిసారి నేను చెప్పులు వేసుకొని తాడు చేతపట్టగానే, ఏమీ జరగనట్టు లేచి గుమ్మం దగ్గర నిలబడింది. దాని కళ్లలో నామీద ఏ ఫిర్యాదూ లేదు. ఆ క్షమ నాకు శిక్షకన్నా బరువుగా తోచింది.

మనిషికీ కుక్కకూ నడుమ స్నేహం ఈనాటిది కాదు. జర్మనీలో బాన్ నగరం దగ్గర 1914 లో బయటపడిన ఒక సమాధిలో, సుమారు 14 వేల ఏళ్ల నాటి ఇద్దరు మనుషుల ఎముకలతోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలు కూడా దొరికాయి. 2018 లో వెలువడిన ఒక పరిశోధన దాని పళ్లను పరిశీలించి, ఆ పిల్ల పసితనంలోనే తీవ్రమైన జబ్బు పడిందనీ, మనుషులు సాకకపోతే అన్ని వారాలు బతికి ఉండేది కాదనీ తేల్చింది. వేటకు పనికిరాని, కాపలాకు పనికిరాని జబ్బుపిల్లకు ఆదిమానవుడు సేవ చేశాడు. మన పొరుగున కర్ణాటకలోని ఆతకూరులో, అడవిపందితో పోరాడి దాన్ని చంపి తానూ మరణించిన కాళి అనే వేటకుక్క కోసం పదో శతాబ్దంలో శిల నిలిపారు. ఆ శాసనం నేడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. కుక్క విశ్వాసాన్ని మనం తరచుగా పొగుడుతాం. దాని విశ్వాసానికి మనం తగినవాళ్లమా అని ప్రశ్నించుకోవడం మాత్రం అరుదు.

ఆనాటినుంచి మా నడకకు కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. ఎండాకాలంలో తెలవారకముందే బయలుదేరి ఎనిమిది గంటలలోపు ఇల్లు చేరాలి. బండమీద అరచెయ్యి ఆనించి, ఓర్చుకోగలిగితేనే సరమను అడుగు వేయనివ్వాలి. నీళ్లు నాకొక సీసా, దానికొక సీసా, తాగడానికి ఒక చిన్న గిన్నె. వానలకాలంలో ఇంటికి రాగానే చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో పిడుదులు, ముళ్లు వెదకాలి. ఏటేటా రేబిస్ టీకా తప్పకూడదు. ఆ వ్యాధి లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా బతుకు దాదాపు అసాధ్యం. మేకలమందలు, నెమళ్లు కనిపించే చోట తాడు వదలకూడదు. మనకు తోడైన ప్రాణి మరో ప్రాణికి భయం కాకూడదు కదా. పులులూ చిరుతలూ తిరిగే అభయారణ్యాలకైతే దాన్ని అసలు తీసుకుపోను. అక్కడ కుక్కకు చిరుత ముప్పు, కుక్కల రోగాలతో వన్యమృగాలకు ముప్పు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటి ఉంది. అది కూర్చుంటే నేనూ కూర్చోవాలి.

ఈ చివరి నియమం నాకు దారిని కొత్తగా చూపింది. కూర్చున్న చోటల్లా ఏదో ఒకటి కనబడింది. రేలచెట్టు కాయల్లో గాలి చేసే గలగల, పొణికి బెరడుపై పాకే చీమల బారు, కోటగోడ రాళ్ల సందున ఎవరో పనివాడు ఎన్నడో చెక్కి వదిలిన గుర్తు. శిఖరానికి చేరాలన్న తొందరలో ఇన్నేళ్లూ వీటి పక్కనుంచే నడిచిపోయాను.

ఆ మేకల కాపరిని మళ్లీ రెండుసార్లు కలిశాను. మొదటిసారి ఒక కొత్త తలగుడ్డ తీసుకెళ్లి ఇచ్చాను. డబ్బు తీసుకోని మనిషి దాన్ని మాత్రం నవ్వుతూ తీసుకొని, "ఇదిగో, ఇప్పుడు లెక్క సరిపోయింది" అన్నాడు. రెండోసారి సరమ ఆయన్ను నాకంటె ముందు గుర్తుపట్టింది. తాడు విడిపించుకొని పరుగెత్తి ఆయన పాదాల దగ్గర పొర్లింది. ఆ తరువాత ఆయన కనబడలేదు. మనవడు మాత్రం మేకలను తోలుకుపోతూ అప్పుడప్పుడు ఎదురవుతాడు.

సరమకు ఇప్పుడు పదేళ్లు దాటాయి. మూతి నెరిసింది. వెనకకాళ్లలో పట్టు తగ్గింది. మెట్లదారిలో ముప్పయ్యో మెట్టు దగ్గర ఒక వేపచెట్టు ఉంది. అంతవరకే ఎక్కగలుగుతుంది. అక్కడ కూర్చొని కొండకేసి చూస్తుంది. గాలిలో ముక్కు పైకెత్తి, తాను ఎక్కలేని కోటను వాసనలోనే చూసుకుంటుంది. నా మోకాళ్లు ఇంకా కోటదాకా మోయగలవు. కుర్రవాళ్లు ఎక్కుతూ, "మాస్టారూ, ఇవాళ పైకి రారా?" అని అడుగుతారు.

భారతం ఒక కుక్కతో మొదలై ఒక కుక్కతో ముగుస్తుంది. తిక్కనగారి మహాప్రస్థానిక పర్వంలో భార్య పడిపోయింది, తమ్ముళ్లు పడిపోయారు, చివరిదాకా ధర్మరాజు వెంట నడిచింది ఒక శునకమే. దాన్ని వదిలి వస్తే స్వర్గమని ఇంద్రుడంటే, వదిలి రానని ధర్మరాజు నిలబడిపోయాడు. ఆ కుక్క యమధర్మరాజేనని ఆయనకు తరువాత తెలిసింది. తెలియకముందే నిలబడ్డాడు. అదే ఆయన గొప్పతనం.

నేను ధర్మరాజును కాను. నాకోసం ఏ రథమూ రాలేదు. నేను ఆగేది ముప్పయ్యో మెట్టు దగ్గర, వేపచెట్టు కింద. సంచిలోంచి గిన్నె తీసి ముందు దానికి నీళ్లు పోస్తాను. అది తాగాక నేను తాగుతాను. పిల్లలకు మాత్రం నవ్వుతూ, "మీరు పదండి నాయనా, మేం ఇక్కడిదాకానే" అంటాను.